ఐటీ రిటర్న్: పోర్టల్‌లోనా, యాప్‌లోనా, ఆడిటర్ గారి దగ్గరా?

జూన్ 15 దాటితే చాలు, మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో గుడ్‌మార్నింగ్ పూల మధ్య ఫామ్ 16 (జీతమెంతో, పన్ను ఎంత కోశారో కంపెనీ ఇచ్చే కాగితం) పీడీఎఫ్‌లు మొదలవుతాయి. నేను ఆడిటర్‌ని కాను. పదేళ్ల కింద నా రిటర్న్ నేనే వేసుకున్న పాపానికి ఇప్పుడు ఏటా ఆరుగురివి నా మెడకు చుట్టుకున్నాయి. నాదీ, మా ఆవిడదీ, నాన్నదీ, మామగారిదీ, మా బావమరిదిదీ, డాలస్‌లో ఉండే మా బాబాయి కొడుకుదీ. అందరూ అడిగేది ఒకటే: "ఏ యాప్ మంచిది?"

నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "పోయిన ఏడాది నీకు డబ్బు ఎన్ని దారుల్లో వచ్చింది?"

జవాబు అక్కడే ఉంటుంది. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ చివరికి ఆదాయపు పన్ను శాఖ సర్వర్‌కు పంపేది ఒకే రకం జేసన్ ఫైలు. పన్ను లెక్క కట్టే సూత్రం అన్నిటిలోనూ ఒకటే. డబ్బులిచ్చి మనం కొనుక్కునేది ముఖ్యంగా ఎంట్రీ పని, అంటే కాగితాల్లోని అంకెలను సరైన గడుల్లో పెట్టే శ్రమ. ఆ శ్రమ మీ దగ్గర ఎంత ఉందో తేలితే ఏది ఎంచుకోవాలో కూడా తేలిపోతుంది.

ఉన్నవి నాలుగు దారులు

మొదటిది శాఖ వారి సొంత ఈ-ఫైలింగ్ పోర్టల్. పైసా ఖర్చు లేదు, బ్రౌజర్‌లోనే అంతా అయిపోతుంది. రెండోది అదే పోర్టల్ నుంచి డౌన్‌లోడ్ చేసుకునే ఆఫ్‌లైన్ యుటిలిటీ, ఇదీ ఉచితమే. మూడోది క్లియర్‌టాక్స్, క్వికో, టాక్స్‌2విన్, టాక్స్‌బడ్డీ లాంటి ప్రైవేటు సైట్లు, యాప్‌లు. నాలుగోది మనిషి. మనవాళ్లు అందరినీ కలిపి "ఆడిటర్" అంటారు గానీ అందులో చార్టర్డ్ అకౌంటెంట్లూ (సీఏలు) ఉంటారు, బోర్డు పెట్టుకుని రిటర్నులు వేసే కన్సల్టెంట్లూ ఉంటారు. అది చిన్న తేడా కాదు.

ఆఫ్‌లైన్ యుటిలిటీ గురించి ఇక్కడే రెండు ముక్కలు చెప్పేస్తాను. నెట్ సరిగా రాని ఊళ్లో ఉన్నవాళ్లకూ, నాలాగా ఆరుగురివి ముందేసుకుని కూర్చునేవాళ్లకూ అది బాగుంటుంది. పోర్టల్‌లోనైతే టీ పెట్టుకుని వచ్చేసరికి లాగౌట్ అయిపోతుంది. ఇందులో ఆ బాధ లేదు. శాఖ ముందే కొంత నింపి ఇచ్చే ప్రీఫిల్ ఫైలు దింపుకుని, తీరిగ్గా నింపి, ఎక్కించడమే. మిగతావాళ్లు దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

ఏ దారైనా ముందు ఏఐఎస్

ఒక ఏడాది బద్ధకించి నేను ఒక ప్రైవేటు సైట్‌లో ఫామ్ 16 అప్‌లోడ్ చేశాను. ఏడు నిమిషాల్లో రిటర్న్ వెళ్లిపోయింది. ఆహా అనుకున్నాను. నాలుగు నెలల తర్వాత శాఖ నుంచి మెసేజ్ వచ్చింది. వేరే బ్యాంకులో ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద 38 వేల వడ్డీ నేను చూపించలేదు. సైట్ తప్పేమీ లేదు, నేనిచ్చిన కాగితాన్ని అది చక్కగానే చదివింది. ఆ కాగితంలో వడ్డీ లేదు, అంతే. డిసెంబరు 31 ఇంకా దాటలేదు కాబట్టి సవరించిన రిటర్న్ వేసి, తేడా పన్ను వడ్డీతో కట్టి బయటపడ్డాను.

అప్పటి నుంచి ముందు పోర్టల్‌లోకి వెళ్లి ఏఐఎస్ అనే వార్షిక సమాచార నివేదిక, మన పేర జమైన పన్నుల పట్టిక 26ఏఎస్ రెండూ దింపుకుంటాను. పాన్ మీద ఎవరెవరు ఏం చెప్పారో ఏఐఎస్‌లో ఉంటుంది. బ్యాంకు వడ్డీ, డివిడెండ్, షేర్ల అమ్మకం, ఫండ్ల అమ్మకం, స్థలం రిజిస్ట్రేషన్ దాకా అన్నీ కనిపిస్తాయి. అందులో తప్పుంటే అక్కడే ఫీడ్‌బ్యాక్ ఇవ్వొచ్చు. కంపెనీలూ బ్యాంకులూ చివరి త్రైమాసికం టీడీఎస్ (మనకు ఇచ్చే ముందే కోసిన పన్ను) లెక్కలు ఇవ్వడానికి గడువు మే 31. అందుకే ఏప్రిల్లో ఉత్సాహంగా కూర్చుంటే సగం బొమ్మే కనబడుతుంది. జూన్ రెండో సగం నుంచి జులై మధ్య దాకా సరైన కాలం.

చివరి వారం దాకా ఆగకండి కూడా. 2025లో ఫారాలు ఆలస్యం కావడంతో గడువును జులై 31 నుంచి సెప్టెంబరు 15కు జరిపారు. ఆ చివరి రాత్రి కూడా రద్దీ తట్టుకోలేక ఇంకో రోజు ఇచ్చారు. అలా ప్రతిసారీ ఇస్తారని నమ్ముకోవడం పెద్ద జూదం. గడువు దాటితే 5,000 రూపాయల రుసుము పడుతుంది, మొత్తం ఆదాయం 5 లక్షల లోపైతే 1,000. డబ్బు పోతే పోయింది, అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. మినహాయింపులు ఎక్కువుండే పాత పన్ను విధానం ఎంచుకునే హక్కు పోతుంది. ఇంటి అద్దె, 80సీ (పీఎఫ్, బీమా లాంటి పొదుపులు), హోంలోన్ వడ్డీ చూపించుకుని బయటపడాలనుకున్నవాళ్లకు ఇది వేలల్లో తేడా.

జీతం, పెన్షన్, వడ్డీ: పోర్టల్ చాలు

మామగారు రిటైర్డ్ టీచరు. పెన్షన్, రెండు బ్యాంకుల్లో డిపాజిట్లు. రాబడి 50 లక్షలు దాటని ఇలాంటివారికి ఐటీఆర్-1 ఫారం, అంటే సహజ్. పోర్టల్‌లో పాన్‌తో లాగిన్ అయితే పెన్షన్, వడ్డీ, కోసిన టీడీఎస్ చాలా వరకు ముందే నింపి ఉంటాయి. ఏఐఎస్ పక్కన పెట్టుకుని సరిచూసి, బ్యాంకు ఖాతా వాలిడేట్ అయిందో లేదో చూసుకుని, సబ్మిట్ కొట్టి, ఆధార్ ఓటీపీతో వెరిఫై చేస్తే సరి. అరగంట పని. ఇందుకోసం ప్రైవేటు సైటుకు ఒక్క రూపాయి కట్టినా దండగే అంటాను.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయం మీద రిబేటుతో పన్ను సున్నా అవుతోంది. జీతగాళ్లకూ పెన్షనర్లకూ 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ అదనం. కాబట్టి చాలామంది పెద్దవాళ్లు రిటర్న్ వేసేది బ్యాంకు కోసిన టీడీఎస్‌ను వెనక్కి తెచ్చుకోవడానికే. ఆ రిఫండ్‌లోంచి మళ్లీ యాప్ వాడికి ఫీజు ఎందుకు?

నాన్న దగ్గరికొస్తే చిన్న మెలిక ఉంది. ఊళ్లో మూడెకరాలు కౌలుకిచ్చారు, ఏడాదికి 45 వేలు వస్తాయి. వ్యవసాయ భూమి మీద కౌలు కూడా వ్యవసాయ ఆదాయమే, దానికి పన్ను లేదు. కానీ అది 5,000 దాటితే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. మన దగ్గర ఉద్యోగం చేసుకుంటూ ఊళ్లో పొలం ఉన్నవాళ్లు ఎంతమంది! అందరూ సహజ్ వేసేసి "వ్యవసాయానికి పన్ను లేదుగా" అనేస్తారు. ఐటీఆర్-2 పేజీలు ఎక్కువని బెదరొద్దు. పోర్టల్‌లో మీకు కావలసిన షెడ్యూళ్లు మాత్రమే టిక్ పెట్టుకోవచ్చు. నాన్న రిటర్న్‌లో ఎక్కువైంది ఒక్క షెడ్యూలే, ప్రైవేటు సైట్లలో మాత్రం రాబడి రకం పెరిగితే ప్లాన్ ధర పెరగడం మామూలు. ఫారం నంబరు మారినంత మాత్రాన పర్సు తెరవకండి.

షేర్లు ఉన్నాయా? ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి

మా బావమరిది నిరుడు 200 పైచిలుకు సార్లు షేర్లు కొని అమ్మాడు. "ఇన్ని లావాదేవీలు పోర్టల్‌లో ఎవడు కొడతాడు బావా, యాప్ తీసుకుందాం" అన్నాడు. చాలామంది డబ్బు కట్టేది సరిగ్గా ఈ భయంతోనే. అసలు సంగతేమిటంటే పోర్టల్ ఒక్కో లావాదేవీ అడగదు. షేర్లను ఏడాది లోపు అమ్మితే వచ్చే స్వల్పకాలిక లాభానికి మొత్తం అమ్మకం విలువ, మొత్తం కొన్న ధర ఇస్తే చాలు. ఏడాది దాటిన వాటికి కూడా, 2018 జనవరి 31 తర్వాత కొన్నవైతే, అన్నీ కలిపి ఒకే వరుసలో చూపొచ్చు. అంతకు ముందు కొన్న పాత షేర్లకే ఒక్కో కంపెనీ పేరు విడిగా ఇవ్వాలి. దానికీ ఎక్సెల్ నమూనా నింపి ఎక్కించే వీలుంది.

ఆ మొత్తాలు ఎక్కడివి అంటే, మీ బ్రోకర్ యాప్‌లోనే టాక్స్ పీ అండ్ ఎల్ (లాభనష్టాల) రిపోర్టు ఉంటుంది. ఫండ్లకైతే వాటి ఖాతాల లెక్కలు చూసే క్యామ్స్, మన హైదరాబాద్‌లోనే ఉన్న కేఫిన్‌టెక్ కలిపి ఇచ్చే క్యాపిటల్ గెయిన్స్ స్టేట్‌మెంట్ ఉంది. ఒక్క చోట మాత్రం కాస్త ఓపిక కావాలి. లాభం ఏ తేదీల మధ్య వచ్చిందో ఐదు ముక్కలుగా విడగొట్టి ఇవ్వాలి: జూన్ 15 దాకా, తర్వాత సెప్టెంబరు 15 దాకా, డిసెంబరు 15 దాకా, మార్చి 15 దాకా, చివరికి మార్చి 31 దాకా. ముందస్తు పన్ను మీద వడ్డీ లెక్కకు ఇది కావాలి. చాలా బ్రోకర్ రిపోర్టుల్లో ఈ విభజన కూడా ఉంటుంది. మా బావమరిది 200 లావాదేవీలు పోర్టల్‌లో పది పదిహేను అంకెలయ్యాయి.

అలాగని యాప్‌లు దండగ అనడం లేదు. మూడు నాలుగు బ్రోకర్లలో ఖాతాలున్నా, ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడుతున్నా లెక్క మారిపోతుంది. ఎఫ్ అండ్ ఓ వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది, ఐటీఆర్-3 వేయాలి. లాభనష్టాల ఖాతా, బ్యాలెన్స్ షీటు, టర్నోవర్ అన్నీ అడుగుతుంది. ఇక్కడ బ్రోకర్ దగ్గరి నుంచి లెక్కలు నేరుగా లాక్కునే సాఫ్ట్‌వేర్ మీ ఆదివారాలు రెండు మిగులుస్తుంది. జెరోధా ఖాతాదారులకు క్వికోతో ఆ వీలుంది. క్లియర్‌టాక్స్ కూడా ఫామ్ 16తో పాటు బ్రోకర్ల లెక్కలు తీసుకుంటుంది. మీ బ్రోకర్ పేరు ఆ సైట్ జాబితాలో ఉందా లేదా అన్నదే చూడాల్సిన మొదటి విషయం. లేకపోతే మీరు మళ్లీ చేత్తోనే కొట్టాలి, అప్పుడు డబ్బు కట్టి ఏం లాభం?

ఎఫ్ అండ్ ఓలో నష్టమొచ్చిందని మొత్తానికి దాచేసి సహజ్ వేసేవాళ్లున్నారు. అదే గడువులోపు ఐటీఆర్-3లో చూపిస్తే ఆ నష్టాన్ని 8 ఏళ్ల పాటు ముందుకు తీసుకెళ్లి, వచ్చే వ్యాపార లాభాల్లో సర్దుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఫీజు కంటే ఇది చాలా పెద్ద మొత్తం.

విదేశీ కంపెనీల్లో పనిచేస్తూ ఆర్‌ఎస్‌యూలు (జీతంలో భాగంగా ఇచ్చే కంపెనీ షేర్లు) అందుకునే హైదరాబాద్ ఐటీ వాళ్లది ఇంకో రకం తలనొప్పి. అమెరికా షేరు ఒక్కటున్నా ఐటీఆర్-2లో షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల పట్టిక) నింపాలి. అది మన ఆర్థిక సంవత్సరం ప్రకారం నడవదు, జనవరి నుంచి డిసెంబరు లెక్క. డివిడెండ్ మీద అక్కడ కోసిన 25 శాతాన్ని ఇక్కడి పన్నులో తగ్గించుకోవాలంటే ఫామ్ 67 విడిగా వేయాలి. డాలర్లను రూపాయల్లోకి మార్చడానికి స్టేట్ బ్యాంకు టీటీ బయింగ్ రేటు (బ్యాంకు డాలర్లు కొనే రేటు) వాడాలి. విదేశీ ఆస్తి చూపించకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానాకు వీలుంది. స్థిరాస్తి కాక మిగతావి మొత్తం 20 లక్షలు దాటకపోతే 2024 అక్టోబరు 1 నుంచి ఆ జరిమానా లేదు, కానీ చూపించాల్సిన బాధ్యత అలాగే ఉంది. మొదటి ఏడాది దీన్ని తెలిసిన సీఏ చేత చేయించుకుని, ఆ ఫైలు దగ్గర పెట్టుకుని, రెండో ఏడాది నుంచి సొంతంగా చేసుకోవడం మేలు. నా భార్య విషయంలో అదే చేశాం.

ఏ సాఫ్ట్‌వేరూ మాయ చేయలేనివి

మధ్యలో ఉద్యోగం మారారనుకుందాం. ఏడాదికి 15 లక్షల జీతం, ఆరు నెలలు ఒక కంపెనీ, ఆరు నెలలు ఇంకోటి. కొత్త విధానంలో మొత్తం పన్ను సెస్సుతో కలిపి 97,500. మొదటి కంపెనీ తన సగం, దాదాపు 49 వేలు కోసింది. పాత జీతం గురించి మీరు చెప్పకపోతే రెండో కంపెనీ తానిచ్చిన ఏడున్నర లక్షలే చూసుకుని, రిబేటు పోను పన్నేమీ లేదని ఒక్క రూపాయీ కోయదు. జులైలో ఏ యాప్ తెరిచినా మిగిలిన సగం, పైన వడ్డీ కట్టమంటుంది. "ఈ యాప్ ఎక్కువ చూపిస్తోంది, వేరేది చూద్దాం" అని మూడు యాప్‌లు మార్చిన మిత్రుడు నాకున్నాడు. మూడూ ఒకే మాట చెప్పాయి పాపం.

రిబేటు మీద ఇంకో అపోహ. జీతం 10 లక్షలు, షేర్లలో స్వల్పకాలిక లాభం 1 లక్ష. మొత్తం 12 లక్షల లోపే కదా, సున్నా అనుకుంటారు. జీతం మీద సున్నానే. షేర్ల లాభం మీద మాత్రం 20 శాతం, సెస్సుతో 20,800 కట్టాల్సిందే. ఏదైనా సైట్ మీకు ఇక్కడ సున్నా చూపిస్తే దాన్నుంచి బయటికి రండి.

ఈ తేడాలు పట్టుకోవడానికి నేను వాడే చిట్కా: ప్రైవేటు సైట్‌లో అంతా నింపాక, డబ్బు కట్టే ముందు, అవే మొత్తాలు పోర్టల్‌లో డ్రాఫ్ట్‌గా పెట్టి చూస్తాను. రెండు చోట్లా కట్టాల్సిన పన్ను రూపాయితో సహా కలవాలి. కలవకపోతే ఎక్కడో ఒక గడి తప్పింది. కలిస్తే మాత్రం, నిజం చెప్పొద్దూ, పోర్టల్‌లోనే సబ్మిట్ కొట్టేయాలనిపిస్తుంది.

ప్రైవేటు సైట్ తీసుకుంటే ఇంకొన్ని చూసుకోండి. అది ఆదాయపు పన్ను శాఖ దగ్గర ఈఆర్‌ఐగా (మన తరఫున రిటర్నులు వేసే మధ్యవర్తిగా) నమోదై ఉండాలి. నమోదైన సంస్థ మీ పోర్టల్ పాస్‌వర్డ్ అడగక్కర్లేదు, ఓటీపీతో మీ అనుమతి తీసుకుంటే చాలు. వేసిన రిటర్న్ తాలూకు జేసన్, లెక్కల పీడీఎఫ్ రెండూ మీకు దించుకోనివ్వాలి. వచ్చే ఏడాది మీరు వేరే చోటికి వెళ్లాలన్నా అవే ఆధారం. ఇంకా, ఈ యాప్‌లలో కొన్ని ఫండ్లు, బీమాలు కూడా అమ్ముతుంటాయి. మీ జీతమెంతో, మీరు 80సీలో ఎంత పెట్టారో తెలిసినవాడికి మీకు ఏం అమ్మాలో కూడా తెలుసు. టిక్ మార్కులు చదివి పెట్టండి.

మనిషి కావలసిన చోట

స్థలం అమ్మినవాళ్లు యాప్ జోలికి వెళ్లకండి. 2024 జులై 23కు ముందు కొన్న స్థలమైతే ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతమా, ఇండెక్సేషన్‌తో 20 శాతమా, ఏది తక్కువో చూడాలి. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ తేదీ నాటి విలువ తేల్చాలి. ఆ డబ్బుతో ఇల్లు కొనబోతుంటే, రిటర్న్ గడువులోపు కొనకపోతే క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. లక్షల పన్ను వ్యవహారంలో రెండు మూడు వేల ఫీజు మిగుల్చుకుని బాగుపడేదేమీ లేదు. వారసత్వపు భూమి, వ్యాపారం, నోటీసు వచ్చిన కేసు కూడా ఇంతే. సభ్యత్వ నంబరున్న సీఏ దగ్గరికి వెళ్లండి.

"రిఫండ్ తెప్పిస్తాం, వచ్చినదాంట్లో ఇంత శాతం మాకు" అనేవాడు మాత్రం సీఏ అయినా, కన్సల్టెంటైనా, పక్కింటి అబ్బాయైనా వద్దు. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ ఇలాంటివాళ్ల మీద దేశవ్యాప్తంగా సోదాలు చేసింది. అప్పటికి నాలుగు నెలల్లో దాదాపు 40 వేల మంది తమ రిటర్నులు సవరించి, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని ప్రకటించింది. ఈ బాపతు మధ్యవర్తులు తాత్కాలిక ఈమెయిల్ ఐడీలు పెట్టి గుంపుగా రిటర్నులు వేసి, తర్వాత వాటిని వదిలేస్తారని, నోటీసులు ఎవరూ చదవకుండా పడి ఉంటాయని కూడా ఆ ప్రకటనలోనే ఉంది. తప్పుడు వివరాలిస్తే జరిమానా ఎగ్గొట్టిన పన్నుకు 200 శాతం. అది కట్టాల్సింది పాన్ ఎవరిదో వాళ్లు, కన్సల్టెంట్ కాదు.

ఎవరి చేత వేయించుకున్నా పోర్టల్ ప్రొఫైల్‌లోకి వెళ్లి ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవేనా అని ఒకసారి చూడండి. మామగారి ప్రొఫైల్‌లో రెండేళ్ల పాటు ఎవరిదో నంబరు ఉంది.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

మా బాబాయి కొడుక్కి ఇక్కడ ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ఎన్నారైలు ఇక్కడి రాబడి వేసుకునే ఖాతా) వడ్డీ వస్తుంది. దాని మీద బ్యాంకు 30 శాతానికి పైనే కోసేస్తుంది. అక్కడ వాడే టర్బోటాక్స్ అమెరికా రిటర్న్‌కే, ఇక్కడి రిటర్న్‌కు పనికిరాదు. ఎన్నారైలు ఐటీఆర్-1 వేయకూడదు, పైన చెప్పిన రిబేటు (సెక్షన్ 87ఏ) వాళ్లకు వర్తించదు. వడ్డీ ఒక్కటే ఉంటే పోర్టల్‌లో ఐటీఆర్-2 సులువే. నిజమైన ఇబ్బంది ఓటీపీతో వస్తుంది. ఆధార్‌కు కలిపిన ఇండియా నంబరు మూలపడి ఉంటే వెరిఫికేషన్ ఆగిపోతుంది. నెట్‌బ్యాంకింగ్ ద్వారా చేయొచ్చు, లేదా సంతకం చేసిన ఐటీఆర్-వీని (రిటర్న్ రసీదు) బెంగళూరులో రిటర్నులు చూసే కేంద్రం సీపీసీకి పోస్టులో పంపొచ్చు.

వెరిఫై చేయడానికి గడువు రిటర్న్ వేసిన 30 రోజులు. ఇది ఇక్కడున్నవాళ్లకూ వర్తిస్తుంది, ప్రైవేటు యాప్‌లో "అభినందనలు" అని రంగు కాగితాలు ఎగరగానే పనైపోయిందనుకుని మరిచిపోయేదీ ఇదే. అందుకే మా గ్రూపులో ఒక రూలు పెట్టాను. వెరిఫై అయ్యాక వచ్చే అక్‌నాలెడ్జ్‌మెంట్ పీడీఎఫ్ గ్రూపులో పెట్టాలి. పెట్టనివాళ్లకు ఆగస్టు మొదటి వారంలో నేనే ఫోన్ చేస్తాను. నిరుడు ఆ ఫోన్ ఒక్క బావమరిదికే వెళ్లింది.